8 అంగుళాల డాబ్ టెలిస్కోపులో ఎన్జీసీ 2244 నక్షత్రాల గుంపు దొరికింది, చుట్టూ ఉండే రోజెట్ నెబ్యులా (వాయుమేఘం) కనపడలేదు

అలిపిరి_డాబ్:
తిరుపతిలో మేడమీద నుంచి చూస్తున్నాను. 8 అంగుళాల డాబ్సోనియన్ (డాబ్), ఫోకల్ లెంగ్త్ 1200 మి.మీ. ఐపీసులు (కన్ను పెట్టి చూసే కటకాలు) 25, 10 మి.మీ. నెబ్యులాల కోసం వాడే యూహెచ్‌సీ ఫిల్టర్ ఉంది. మూడేసి చొప్పున రెండు వరసల్లో ఆరు నక్షత్రాలు చక్కగా కనపడుతున్నాయి, నెబ్యులా జాడే లేదు. 10 మి.మీ.కి ఫిల్టర్ బిగిస్తే అంతా చీకటి. ఓ-త్రీ (ఆక్సిజన్ వెలుగునే వదిలే) ఫిల్టర్ కొంటే పని అవుతుందా?

పాకాల_రాత్రి:
స్కోపు బాగానే ఉందన్నా. ముందు ఆ 10 మి.మీ. తీసి పక్కన పెట్టండి. దాంతో 120 రెట్లు పెద్దగా కనపడుతుంది, పట్టే ఆకాశం 0.4 డిగ్రీ. రోజెట్ వెడల్పు సుమారు 1.3 డిగ్రీలు, రెండున్నర పున్నమి చందమామలు పక్కపక్కన పెట్టినంత. పైగా దాని నడుమ బోలు. ఆ వేడి నక్షత్రాల నుంచి వీచే గాలే అక్కడి వాయువుని బయటికి నెట్టేసింది. గుంపు మీదే గురి పెడితే మీకు కనపడేది చాలావరకు ఆ బోలే.

ఇంకోటి ఎగ్జిట్ ప్యూపిల్, అంటే ఐపీస్ నుంచి కంటికి వచ్చే వెలుగుకట్ట వెడల్పు. ఐపీస్ మి.మీ.ని మీ స్కోపు ఎఫ్ నంబరు (ఫోకల్ లెంగ్త్‌ని అద్దం వెడల్పుతో భాగిస్తే వచ్చేది) 6తో భాగించండి. 10కి వచ్చేది 1.7 మి.మీ., ఫిల్టర్ పెట్టాక ఆ వెలుగు చాలదు. 25కి 4.2, వెలుగు వరకు పనికొస్తుంది. 32 మి.మీ. ప్లాసెల్ రకం ఐపీస్‌కి 5.3 వస్తుంది గానీ నెబ్యులాయే అంచులదాకా నిండిపోతుంది. పక్కన ఉత్త ఆకాశం కాస్త మిగిలితేనే కంటికి తేడా తెలిసేది. 2 అంగుళాల గొట్టం ఉన్న 38 మి.మీ., కంటికి 70 డిగ్రీల వెడల్పు చూపే ఐపీస్ అయితే 2.2 డిగ్రీల ఆకాశం పడుతుంది. డబ్బు పెట్టేదుంటే ముందు దానికే, ఓ-త్రీ తర్వాత.

మదనపల్లె_10×50:
మేడమీద నుంచి కష్టం. యూహెచ్‌సీ 486, 496, 501 నానోమీటర్ల దగ్గరి వెలుగుని వదిలి మిగతాది ఆపుతుంది. పాత సోడియం దీపాల పసుపుని బాగా ఆపేది. ఎల్ఈడీ తెలుపులో ఈ రంగులూ ఉంటాయి, ఫిల్టర్ దాటి వచ్చేస్తాయి.

అమావాస్య దగ్గర భాకరాపేట వైపు పోండి. ఘాట్‌లో ఆగొద్దు, అడవి. ఊరి పక్క పొలం మేలు. ఫిబ్రవరి మధ్యలో రాత్రి తొమ్మిదిన్నరకి రోజెట్ దాదాపు నడినెత్తికి వస్తుంది, అక్కడ డాబ్ సరిగా తిరగదు. గంటన్నర ఆగితే పడమటికి వాలుతుంది, తూర్పున ఉన్న తిరుపతి వెలుగుకి ఎడంగా.

అరగంట చీకట్లో కళ్లు అలవాటు పడనిచ్చి, తలమీద నల్ల టవల్ కప్పుకోండి. ఫిల్టర్ బిగించకుండా వేళ్లతో పట్టుకొని కంటికీ ఐపీస్‌కీ మధ్య అటూ ఇటూ జరపండి. ఫిల్టర్ అడ్డం వచ్చినప్పుడు నక్షత్రాలు మసకబారతాయి, నెబ్యులా నిలుస్తుంది. నేరుగా కాకుండా వారగా చూస్తూ ట్యూబుని మెల్లగా తట్టండి. కదిలే మసక కంటికి త్వరగా దొరుకుతుంది. ఫొటోల్లో కనపడే ఎరుపు కోసం వెతకొద్దు, చీకట్లో కంటికి ఆ ఎరుపు అందదు. బూడిదరంగు పొగ మాదిరి, తెగిన ఉంగరంలా ఉంటుంది.

అలిపిరి_డాబ్:
25తోనే మొదలుపెడతాను. ఆరింటిలో పసుపుగా, అన్నిటికన్నా మెరిసేది ఒకటి ఉంది. అదీ గుంపులోదేనా?

పాకాల_రాత్రి:
కాదన్నా, అది 12 మోనోసెరోటిస్ అనే నక్షత్రం. గుంపు సుమారు 5,000 కాంతి సంవత్సరాల దూరం, ఇది చాలా ముందుగా, మనకి దగ్గర్లో ఉంది. దాన్ని గుర్తు పెట్టుకొని అక్కణ్ణించి అర డిగ్రీ అవతలికి జరపండి, ఉంగరం మందంగా ఉండే చోటు తగులుతుంది.