కంట్రోల్ లైన్ మోడల్ తల మీదికి రాగానే లైన్లు వదులవుతున్నాయి: లోపం బరువుదా, వేగానిదా?

ప్రశ్న (తార్నాక నుంచి)

సభ్యులందరికీ నమస్కారం. కళాశాలలో ఎన్‌సీసీ వైమానిక విభాగంలో ఉన్న రోజుల్లో చిన్న డీజిల్ ఇంజన్ బిగించిన కంట్రోల్ లైన్ మోడళ్లను (రేడియో లేకుండా, చేతిలోని హ్యాండిల్‌కు కట్టిన రెండు తీగలతో మన చుట్టూ తిప్పే నమూనా విమానాలను) ఎగరేసిన అనుభవం నాకు కొంత ఉంది. ఈథర్, కిరోసిన్, ఆముదం కలిపిన ఆ ఇంధనానికి ఇప్పుడు అనుమతి దొరకదు (ప్రభుత్వం నుంచి కాదు, ఇంట్లో వారి నుంచి) కాబట్టి, ఈసారి విద్యుత్ మోటారుతో ఒక ప్రొఫైల్ మోడల్‌ను (శరీరం బల్లపరుపు పలకగా ఉండే రకం) తయారు చేసుకున్నాను.

రెక్కల పొడవు 105 సెంటీమీటర్లు, వెడల్పు 20 సెంటీమీటర్లు. రెక్క బాల్సాతో (తేలికైన కలప) కట్టినది. శరీరం మాత్రం రెండు పలుచని ప్లైవుడ్ రేకుల మధ్య బాల్సా పలకను అతికించి కోసినది. మోటారు 1000 కేవీ (వోల్టుకు నిమిషానికి 1000 తిరుగుళ్లు), బ్యాటరీ మూడు సెల్స్ 1300 ఎంఏహెచ్, ప్రొపెల్లర్ 10×4.5 (వ్యాసం 10, పిచ్ 4.5 అంగుళాలు) స్లో ఫ్లై రకం, అంటే నెమ్మదిగా ఎగిరే మోడళ్లకు చేసినది. బ్యాటరీతో సహా బరువు 600 గ్రాములు. లైన్లు 0.3 మిల్లీమీటర్ల పేటల ఉక్కు తీగ, పొడవు 16 మీటర్లు. గరిమనాభి రెక్క ముందు అంచు నుంచి 6 సెంటీమీటర్ల దగ్గర ఉంది.

నేలకు సమాంతరంగా ఎగిరేటప్పుడు మోడల్ ఒక ఎత్తులో నిలవకుండా మెల్లగా పైకీ కిందికీ ఊగుతూ పోతోంది. అంతకన్నా ఇబ్బంది కలిగించేది రెండో సమస్య. 45 డిగ్రీల ఎత్తు దాటిన తరువాత లైన్లు వదులై, హ్యాండిల్ కదిపినా ఎలివేటర్ (మోడల్‌ను పైకీ కిందికీ తిప్పే తోక పలక) స్పందించడం లేదు. లైన్లు బిగుసుకుంటాయన్న ఆలోచనతో కుడి రెక్క (వలయానికి బయటి వైపు రెక్క) చివర 40 గ్రాముల సీసం అమర్చాను. ఏమాత్రం తేడా కనిపించలేదు. ఇంకా బరువు పెంచాలా, చుక్కానిని బయటి వైపు మరింత తిప్పాలా, లేక లైన్ల పొడవు తగ్గించాలా? ఈ స్థితిలో లూప్ (గాల్లో నిలువు చుట్టు) ప్రయత్నించవచ్చా?

సమాధానం (కూకట్‌పల్లి నుంచి)

మీ కొలతల ప్రకారం రెక్క విస్తీర్ణం సుమారు 21 చదరపు డెసిమీటర్లు, అంటే చదరపు డెసిమీటరుకు 29 గ్రాముల లోపు భారం మాత్రమే. ఆ పరిమాణానికి ఇది మంచి బరువు. నిర్మాణంలో లోపం ఏమీ లేదు. నేనైతే మొదట మోటారును రెండు డిగ్రీలు బయటి వైపుకు తిప్పి, చుక్కానిని కూడా కొద్దిగా కుడివైపుకు మళ్లించి చూస్తాను. మోడల్ ముక్కు వలయం బయటికి చూస్తుంటే లైన్లు సహజంగానే బిగుతుగా ఉంటాయి. పాత ప్లాన్లలో చాలా వాటికి ఇదే సూచన ఉంటుంది.

ఊగుడు సంగతికి వస్తే, హ్యాండిల్‌ను మణికట్టుతో కాకుండా భుజం నుంచి మొత్తం చేతిని కదిపి నడపండి. చాలా ఏళ్ల తరువాత మళ్లీ మొదలుపెట్టిన వారి చేయి అవసరానికి మించి సవరణలు చేస్తూనే ఉంటుంది. లూప్ ఇప్పుడే వద్దు.

సమాధానం (ఆల్వాల్ నుంచి)

పై సభ్యుల సలహాలో చేతికి సంబంధించిన మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను కానీ, చుక్కానితో మొదలుపెట్టడం సరైన క్రమం అనుకోను. దేన్నయినా మార్చే ముందు ఒక చుట్టుకు ఎన్ని సెకన్లు పడుతోందో కొలవాలి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని పక్కనున్న వారు పది చుట్లకు పట్టిన కాలాన్ని పదితో భాగిస్తే సరిపోతుంది.

ఆ ఒక్క సంఖ్య ఎందుకు కావాలో చెబుతాను. లైన్లను లాగి ఉంచేది మోడల్ వృత్తంలో తిరగడం వల్ల పుట్టే బలమే; అది వేగం వర్గాన్ని వ్యాసార్థంతో భాగించినదానికి అనుపాతంలో ఉంటుంది. లెక్కను సులభం చేసుకుంటే, మీటర్లలో లైన్ పొడవును నాలుగుతో హెచ్చించి, చుట్టుకు పట్టిన సెకన్ల వర్గంతో భాగిస్తే, లైన్ల మీద మోడల్ బరువుకు ఎన్ని రెట్ల లాగుడు ఉందో దాదాపుగా తెలుస్తుంది. మోడల్ పైకి వెళ్లేకొద్దీ దాని బరువు లైన్ల వెంబడి మన వైపుకే పనిచేయడం మొదలుపెడుతుంది కాబట్టి, ఆ లాగుడులోంచి ఎత్తు కోణపు సైన్ విలువను తీసివేయాలి. సరిగ్గా తల మీద ఉన్నప్పుడు ఆ లాగుడులోంచి మోడల్ బరువు మొత్తం తగ్గిపోతుంది.

మీరు వాడుతున్న ప్రొపెల్లర్ పిచ్ 4.5 అంగుళాలు, అంటే ఒక తిరుగుడుకు 11.4 సెంటీమీటర్లు. అంత పెద్ద ప్రొపెల్లర్‌ను మీ మోటారు మూడు సెల్స్ మీద నిమిషానికి సుమారు 7500 సార్లు తిప్పుతుందనుకున్నా, ఏ జారుడూ లేకుండా దొరికే వేగం సెకనుకు 14 మీటర్ల పైచిలుకే. రెండు లైన్ల ఈడ్పు (గాలి నిరోధం) పోగా మీకు మిగిలేది 12, 13 మీటర్లు. నా అంచనా ప్రకారం మీ చుట్టు ఎనిమిది సెకన్ల దరిదాపుల్లో ఉండాలి. అదే నిజమైతే 16ను నాలుగుతో హెచ్చిస్తే 64, ఎనిమిది వర్గం 64; అంటే నేలకు సమాంతరంగా ఉన్నప్పుడే మీ చేతికి తెలిసే లాగుడు కేవలం 600 గ్రాములు. 45 డిగ్రీల దగ్గర అది 180 గ్రాములకు పడిపోతుంది. ఆ పైన కొద్దిపాటి ఎదురుగాలి వచ్చినా లైన్లు వేలాడిపోతాయి. మీరు వర్ణించిన లక్షణం సరిగ్గా ఇదే. బాగా కుదిరిన ఏరోబాటిక్ (గాల్లో విన్యాసాలు చేసే) మోడల్ 19 మీటర్ల లైన్ల మీద చుట్టును ఐదున్నర సెకన్ల లోపే పూర్తి చేస్తుంది. అక్కడ లాగుడు బరువుకు రెండున్నర రెట్లు దాటుతుంది. తేడా అక్కడ ఉంది.

రెక్క చివర సీసం లైన్లను బిగించదు. ఇది మన దగ్గర చాలా మందిలో ఉన్న అపోహ. ఆ సీసం చేసే పని, లోపలి రెక్కను కిందికి లాగే లైన్ల బరువుకు బయటి వైపున సరితూగడం మాత్రమే. మీ రెండు లైన్ల మొత్తం బరువు 15 గ్రాముల లోపు. అందులో రెక్క మోసేది సుమారు సగం. లీడ్‌అవుట్ తీగలను (రెక్క లోపలి నుంచి బయటికి వచ్చి లైన్లకు తగిలించేవి) కూడా కలుపుకున్నా 10 గ్రాముల సీసం చాలు. 40 గ్రాములు ఉంటే, ఒక్కసారిగా పైకి తిప్పినప్పుడు బయటి రెక్క వెనుకబడి మోడల్ పక్కకు ఒరుగుతుంది. లూప్‌లో ఇదే ప్రమాదకరం.

చుక్కానిని గురించి నా అభ్యంతరం ఏమిటంటే, వేగం చాలని మోడల్‌కు చుక్కాని తిప్పితే ఈడ్పు పెరిగి ఉన్న వేగం కూడా తగ్గుతుంది. మోటారుకు రెండు డిగ్రీల మళ్లింపు ఫరవాలేదు. అంతకు మించి వద్దు.

కాబట్టి ముందుగా 9×6 విద్యుత్ ప్రొపెల్లర్ వేయండి. స్లో ఫ్లై రకాన్ని అధిక వేగంతో తిప్పకూడదు కనుక ఎలాగూ అది మారాల్సిందే. విద్యుత్ ప్రవాహాన్ని వాట్‌మీటర్‌తో కొలిచి, అది మీ స్పీడ్ కంట్రోలర్ (మోటారు వేగాన్ని నియంత్రించే పరికరం) పరిమితికి బాగా లోపల ఉందని నిర్ధారించుకున్నాకే ఎగరేయండి. లైన్లను ఒక మీటరు తగ్గించండి. ఇంకా తగ్గిస్తే లాగుడు పెరుగుతుంది కానీ కళ్లు తిరగడం కూడా పెరుగుతుంది.

ఊగుడుకు మూలం 6 సెంటీమీటర్ల దగ్గర ఉన్న గరిమనాభి అని నా నమ్మకం. 20 సెంటీమీటర్ల రెక్కకు అది 30 శాతం అవుతుంది. ఫ్లాప్‌లు (రెక్క వెనుక అంచున కదిలే పలకలు) లేని శిక్షణ మోడల్‌కు 15 నుంచి 20 శాతం దగ్గర మొదలుపెట్టడం మేలు. సీసం అక్కర్లేదు, బ్యాటరీని ముందుకు జరపండి. అయితే గరిమనాభి ముందుకు వెళ్లినప్పుడు లీడ్‌అవుట్లు దానికి మరీ వెనకబడిపోతాయన్న సంగతి చాలా మంది మరిచిపోతారు. అవి రెక్క చివర నుంచి బయటికి వచ్చే చోటును కూడా ముందుకు జరిపి, రెండింటి మధ్య బిందువు గరిమనాభికి ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్ల వెనుక ఉండేలా చూడండి. అప్పటికీ చురుకు ఎక్కువనిపిస్తే పుష్‌రాడ్‌ను (ఎలివేటర్‌ను కదిపే కడ్డీ) ఎలివేటర్ హార్న్‌లో (ఎలివేటర్‌కు బిగించిన చిన్న మీట) బయటి రంధ్రానికి మార్చండి.

సమాధానం (ఎల్‌బీ నగర్ నుంచి)

లెక్కలన్నీ బాగున్నాయి. నేను పనికి సంబంధించిన రెండు సంగతులు మాత్రం చేర్చుతాను. పుష్‌రాడ్ దేనితో చేశారో మీరు రాయలేదు. మనలో చాలా మంది సైకిల్ స్పోకు వాడతారు. అది గట్టిదే, కానీ ప్రొఫైల్ మోడల్‌లో బెల్‌క్రాంక్ (లైన్ల లాగుడును పుష్‌రాడ్‌కు అందించే మీట) నుంచి తోక దాకా ఆధారం లేకుండా వదిలితే, నెట్టినప్పుడు విల్లులా వంగుతుంది, లాగినప్పుడు వంగదు. అప్పుడు ఎలివేటర్ ఒక వైపుకు తక్కువ కదులుతుంది, ఊగుడు కూడా వస్తుంది. మధ్యలో ఒకటి రెండు చోట్ల శరీరానికి చిన్న గొట్టపు ముక్కలను అతికించి వాటిలోంచి స్పోకును పోనివ్వండి.

రెండోది, క్లిప్పులు మార్చినా, లైన్లు కత్తిరించి మళ్లీ కట్టినా, ఎగరేసే ముందు మోడల్ బరువుకు పది రెట్లు లాగి చూడడం ఏరోబాటిక్స్ పోటీల్లోని ఆనవాయితీ. మీ మోడల్‌కు అది 6 కిలోలు. ప్రయాణ సామాను తూచే చిన్న డిజిటల్ త్రాసు దీనికి చక్కగా సరిపోతుంది. హ్యాండిల్‌కు మణికట్టు పట్టీ తప్పనిసరి.

స్థలం విషయంలో మన నగరపు ఇబ్బంది మీకు తెలిసిందే. ఆదివారం తెల్లవారకముందే ప్రతి మైదానంలోనూ క్రికెట్ మొదలవుతుంది, బంతి వెంట పరుగెత్తే పిల్లవాడికి మన వలయం కనిపించదు. కాబట్టి వలయం బయట కాపలాకు ఒకరు లేనిదే మోటారు తిప్పకండి. మైదానం అంచున కరెంటు తీగలు ఉంటే ఆ చోటును పూర్తిగా వదిలేయండి. మన లైన్లు ఉక్కువి, వాటి చివర మన చేయి ఉంటుంది. సంక్రాంతి తరువాత కొన్ని వారాల పాటు గడ్డిలో మాంజా దారం మిగిలి ఉంటుంది, అది మోటారు షాఫ్టుకు చుట్టుకుంటే బేరింగు దాకా పోతుంది.

మళ్లీ తార్నాక నుంచి

అందరికీ ధన్యవాదాలు. పాత ప్రొపెల్లర్‌తో కొలిచినప్పుడు చుట్టుకు ఎనిమిది సెకన్ల కన్నా కొద్దిగా తక్కువ పట్టింది. 9×6 వేసి, లైన్లను 15 మీటర్లకు తగ్గించి, సీసాన్ని 10 గ్రాములకు కుదించి, బ్యాటరీని ముక్కు దాకా జరిపి, లీడ్‌అవుట్లను కూడా సర్దిన తరువాత చుట్టు ఐదున్నర సెకన్లకు వచ్చింది. ఆ లెక్కన ఇప్పుడు లాగుడు బరువుకు రెండు రెట్లు. తల మీద కూడా, ఇంతకుముందు నేల దగ్గర ఉన్నంత బిగుతు మిగులుతోంది. ఊగుడు పోయింది. స్పోకుకు మధ్యలో ఆధారం నిజంగానే లేదు, అమర్చాను.

ఒక్క సందేహం మిగిలింది. రేడియో లేదు కనుక స్పీడ్ కంట్రోలర్‌ను సర్వో టెస్టర్‌తో (కంట్రోలర్‌కు సంకేతం పంపే చిన్న పరికరం) నడుపుతున్నాను. దీన్ని ఇలాగే వాడుతూ లూప్‌కు వెళ్లవచ్చా?

సమాధానం (ఆల్వాల్ నుంచి)

సర్వో టెస్టర్‌తో మోటారు తిరుగుతుంది కానీ ఆగే సమయం మీ చేతిలో ఉండదు; బ్యాటరీ పూర్తిగా దిగజారి కంట్రోలర్ తనంతట తాను ఆపేదాకా తిరుగుతూనే ఉంటుంది. అది లూప్ మధ్యలోనే జరగవచ్చు. కంట్రోల్ లైన్ కోసమే చేసిన టైమర్లు దొరుకుతాయి. ఎలక్ట్రానిక్స్ తెలిసిన వారైతే కోఠీ గుజరాతీ గల్లీలో విడిభాగాలు కొని చిన్న మైక్రోకంట్రోలర్‌తో సొంతంగా కూడా చేసుకోవచ్చు. మీ మోటారు సగటున 15 ఆంపియర్లు తీసుకుంటే నాలుగు నిమిషాలకు 1000 ఎంఏహెచ్ ఖర్చవుతుంది. కాబట్టి టైమర్‌ను మూడున్నర నిమిషాలకు పెట్టి, మోడల్ దిగిన తరువాత చార్జర్ ఎంత నింపిందో చూసి సవరించుకోండి. మీ కంట్రోలర్‌లో గవర్నర్ మోడ్ ఉంటే దాన్ని వాడండి. బ్యాటరీ వోల్టేజీ తగ్గుతున్నా తిరుగుడు ఒకేలా ఉంటుంది, చివరి నిమిషంలో లాగుడు పడిపోదు.

లూప్‌కు గాలి మీ వీపుకు తగిలే దిక్కును ఎంచుకోండి. మోడల్ సరిగ్గా మీ ఎదుట, గాలి వాలు వైపున ఉన్నప్పుడు పైకి తిప్పితే గాలే దాన్ని బయటికి నెట్టి లైన్లను బిగిస్తుంది. ఎదురుగాలి వైపున చేస్తే మీ మీదికే నెడుతుంది. టేకాఫ్ కూడా ఆ బిందువుకు పావు చుట్టు ముందు నుంచి, గాలి తోకకు తగిలేలా వదలండి. లైన్లు వదులైనట్టు అనిపించిన క్షణంలో హ్యాండిల్‌తో కుస్తీ పట్టకుండా వెనక్కి నాలుగు అడుగులు వేయండి. ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నాల్లో మొదటి లూప్‌కు వెళ్లకండి. మన హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉంది. దానికి 40 డిగ్రీల ఎండ తోడైతే గాలి సాంద్రత ప్రామాణిక విలువ కన్నా దాదాపు ఏడో వంతు తగ్గుతుంది, అదే ఎలివేటర్ కదలికకు లూప్ అనుకున్న దానికన్నా పెద్దదై నేలకు దగ్గరగా వస్తుంది. ఉదయం ఎండ ముదరక ముందే ముగించండి.

ప్రతి లూప్ లైన్లకు ఒక మెలిక వేస్తుంది, దానికి కంగారు పడనక్కర్లేదు. తీగలు శుభ్రంగా ఉంటే కొన్ని మెలికలున్నా ఒకదాని మీద ఒకటి జారుతూనే ఉంటాయి. దిగిన తరువాత హ్యాండిల్‌ను తిప్పి విప్పుకుని, పొడి బట్టతో దుమ్ము తుడిచి చుట్టిపెట్టుకోండి.