ఆయిల్లో ‘ఉసురు’ పడితేనా, ‘ఇసురు’ పడితేనా?

సీతమ్మధార: నాలుగు రోజులుగా ఒక్క అక్షరం నన్ను నిద్రపోనివ్వడం లేదు. మా నాన్నగారి పాత జీపులో పోయిన ఆదివారం సింహాచలం కొండ దిగుతుంటే బ్రేకు పెడల్ దూదిలో కాలు పెట్టినట్టు సగం దాకా దిగిపోయింది. రెండు మూడుసార్లు గబగబా తొక్కితే గానీ పట్టలేదు. గాజువాక ఆటోనగర్‌లో నాన్నగారికి తెలిసిన పెద్ద మెకానిక్ ఒకాయన ఉన్నారు. సీట్లో కూర్చుని, పెడల్ మెల్లగా నొక్కి చూసి, “ఆయిల్లో ఉసురు పడితే పెడలు ఈసురోమంటాది బాబూ...” అన్నారు. దాని తర్వాత ఇంకో ముక్క కూడా ఉంది, పక్కన గ్రైండరు మోతలో కొట్టుకుపోయింది. ఇంటికొచ్చాక మొదటి ముక్క మీదే అనుమానం మొదలైంది. ‘ఉసురు’ అన్నారా, ‘ఇసురు’ అన్నారా? ఈ మాట ఇంకెవరైనా విన్నారా?

అనకాపల్లి: ‘ఇసురు’ అనే అని ఉంటారండీ. మన వైపు విను ‘ఇను’, విడిచిపెట్టు ‘ఇడిచిపెట్టు’ అయినట్టే విసురు ‘ఇసురు’. ఆయిల్లో విసురు పడిపోతే పెడల్ నీరసిస్తుంది. ఇందులో చిక్కేముంది?

ఎంవీపీ మాస్టారు: చిక్కు ‘పడితే’లో ఉంది. మీరు దాన్ని ‘పడు’ నుంచి తెస్తున్నారు. ‘పట్టు’కి కూడా రూపం ‘పడితే’నే కదా. పైపుకి గాలి పట్టింది అంటాం, గాలి పడితే అంటాం. ఉసురంటే ఊపిరి. ఆయిల్లో ఉసురు పడితే అంటే గాలి చేరితే అని. పాఠం ‘ఉసురు’ అని స్థిరపరచవచ్చు.

అనకాపల్లి: అంత తొందరగా స్థిరపరిచేస్తే ఎలా మాస్టారూ.

బెంగళూరు వలసపక్షి: మాస్టారికి నా ఓటు. కన్నడంలో ఈనాటికీ ‘ఉసిరు’ అంటే ఊపిరే. తమిళంలో ‘ఉయిర్’ దీనికి అక్కచెల్లెలే. మనమే ఉసురు తగలడం, ఉసురు పోసుకోవడం అంటూ దాన్ని శాపాలకి పరిమితం చేసేశాం.

పెందుర్తి: అక్షరం సంగతి తర్వాత, ముందు ఆ జీపు బయటికి తీయకండి సార్. బ్రేకు ఆయిలు అణగదు, గాలి అణుగుతుంది. లైన్లో బుడగ ఉంటే మీ కాలి బలమంతా దాన్ని నలపడానికే పోతుంది, చక్రం దాకా చేరదు. గబగబా తొక్కితే గట్టిపడుతోందంటున్నారు కాబట్టి గాలి ఉండొచ్చు, లేదా చక్రాల డ్రమ్ములకీ లోపలి బ్రేకు షూలకీ మధ్య గ్యాప్ ఎక్కువైనా అలాగే ఉంటుంది. బండి ఆపి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి పెడల్ ఒకే ఒత్తిడితో నొక్కి పట్టుకోండి. మెల్లమెల్లగా కిందికి జారిపోతుంటే, బయట ఎక్కడా లీకు కనబడకపోతే, పెడల్ తొక్కగానే ఆయిలుని లైన్లోకి నెట్టే మాస్టర్ సిలిండర్‌లో రబ్బరు కప్పులు అరిగిపోయినట్టు. అప్పుడు ఎంత గాలి తీసినా లాభం లేదు.

అనకాపల్లి: చూశారా, “బలం చక్రం దాకా చేరదు” అని ఆయనే అన్నారు. బలం అంటే విసురేగా!

ఎంవీపీ మాస్టారు: “గాలి అణుగుతుంది” అని కూడా ఆయనే అన్నారు నాయనా.

శ్రీకాకుళం: మీరంతా ‘ఉసురు’ దగ్గరే ఆగిపోయారు. నాకు రెండోదే అసలు మాట అనిపిస్తోంది. ‘ఈసురో’మంటాది. గురజాడ తప్ప దీన్ని ఇంత బాగా వాడినవాళ్లెవరు? ఈసురోమని మనుషులుంటే దేశం బాగుపడదన్నాడు, మెకానిక్ గారు పెడలుకి అంటగట్టారు. మా తాతగారైతే ఇది ‘ఈశ్వరో’ అనే మూలుగు నుంచి వచ్చిందనేవారు. కొండ మెట్లెక్కలేక “ఈశ్వరో” అంటాం చూడండి, అదీ.

బెంగళూరు వలసపక్షి: తాతగారి మాట కాదనడం కష్టమే గానీ, అది ‘ఉసూరుమని’కి ఇంకో రూపం కావచ్చు కదా?

ఎంవీపీ మాస్టారు: కాకూడదు. గురజాడ ఆ పాట రాసింది ముత్యాలసరం ఛందస్సులో. దాని నడక మూడు, నాలుగు, మూడు, నాలుగు మాత్రలు. ‘ఈసు’ మూడు మాత్రలు, ‘రోమని’ నాలుగు, ‘మనుషు’ మూడు, ‘లుంటే’ నాలుగు. అక్కడ ‘ఉసూరుమని’ పెట్టి చూడండి. ‘ఉసూ’ మూడు, ‘రుమని’ మూడే. ఒక మాత్ర తగ్గి నడక కుంటుతుంది.

పెందుర్తి: అలాగే ఒక బుడగ మిగిలినా పెడల్ కుంటుతుంది మాస్టారూ. సీతమ్మధార సార్, గాలి తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టమనండి. కుడిచేతి స్టీరింగ్ బండి కాబట్టి మామూలుగా వెనక ఎడమది. ఒకరు తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు చక్రం దగ్గర గాలి తీసే నిప్పుల్ వదులు చేసి గాలి పోయాక బిగించాలి. బిగించాకే కాలు తీయాలి. ముందే తీస్తే వదిలిన గాలి మళ్లీ లోపలికే పోతుంది. డబ్బాలో ఆయిలు అడుగంటకుండా పోస్తూ ఉండాలి. మన సముద్రపు గాలికి ఆ నిప్పుళ్లు తుప్పు పట్టి విరుగుతాయి, ముందురోజే తుప్పు వదిలే ఆయిలు కొట్టి ఉంచండి. పాత రబ్బరు హోసులు కూడా చూడమనండి. నొక్కినప్పుడు ఉబ్బితే అదీ మెత్తదనమే.

సీతమ్మధార: ఆయిలు చివరిసారి ఎప్పుడు మార్చారో నాన్నగారికే గుర్తు లేదు.

పెందుర్తి: అయితే మొత్తం మార్చేయండి. అది గాల్లో తేమని పీల్చేస్తుంది. డాట్ 4 రకం బ్రేకు ఆయిలు కొత్తది మరగాలంటే కనీసం 230 డిగ్రీలు కావాలి, తేమ చేరితే ఆ హద్దు 155కి దిగిపోతుంది. కొండ దిగుతూ అదే పనిగా బ్రేకు మీద కాలుంచితే వేడికి తేమ ఆవిరై బుడగలు కడుతుంది. చల్లారాక పెడల్ ఏమీ ఎరగనట్టు మామూలైపోతుంది.

బెంగళూరు వలసపక్షి: ఆవిరి! అయితే ఇది బయటి గాలి కాదు, ఆయిలు తనలోంచి తనే వదిలిన ఊపిరి. ‘ఉసురు’కి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

శ్రీకాకుళం: గురజాడ దాకా వచ్చాం కాబట్టి ఎప్పట్నుంచో ఉన్న సందేహం. ఆ వెంటనే వచ్చే మాట ‘జల్దుకొని’యా, ‘జల్డుకొని’యా? రెండూ చూశాను. నాకైతే హిందీ ‘జల్దీ’ వాసన కొడుతోంది.

ఎంవీపీ మాస్టారు: ద అయినా డ అయినా మూడు మాత్రలే. ఛందస్సు ఇక్కడ సాయం చేయదు. కానీ జల్దీ మాత్రం కాదు.

అనకాపల్లి: ఎందుక్కాదు?

ఎంవీపీ మాస్టారు: చెవికి తెలుస్తుంది.

అనకాపల్లి: ఇందాక మాత్రలు లెక్కపెట్టిన చెవేనా?

సీతమ్మధార: ఇవాళ బండి తెచ్చుకున్నాను. హోసులు రెండు మార్చారు, ఆయిలు కొత్తది పోశారు, పాతది టీ డికాషన్‌లా ఉంది. పెడల్ ఇప్పుడు రాయిలా పైనే ఆగుతోంది. పనిలో పనిగా ఆ మాట కూడా అడిగేశాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, “నానెప్పుడలాగన్నాను బాబూ? గాలుందన్నాను” అన్నారు.

ఎంవీపీ మాస్టారు: చెప్పినవాడి జ్ఞాపకం పాఠనిర్ణయానికి ప్రమాణం కాదు. పైగా ‘గాలి’ అన్నారంటే ‘ఉసురు’ అర్థం ఒప్పుకున్నట్టే.

అనకాపల్లి: ఆ గ్రైండరు ఎవరిదో కనుక్కోండి సార్, అది ఆపి మళ్లీ అనిపిద్దాం.

శ్రీకాకుళం: జల్డుకొని సంగతి ఎవరూ తేల్చలేదు.