స్కైలైన్‌ని తెలుగులో ఏమందాం?

అనువాదకురాలు: నగరాల్లోని ఎత్తైన కట్టడాల మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. స్కైస్క్రేపర్‌కి ‘ఆకాశహర్మ్యం’ ఉంది, ఇబ్బంది లేదు. స్కైలైన్ దగ్గరే, అంటే దూరం నుంచి చూస్తే ఆకాశం మీద నగరం మేడలన్నీ కలిసి గీసినట్టుండే గీత దగ్గరే, ఆగిపోయాను. ‘గగనరేఖ’ అని రాసి కొట్టేశాను, విమానం వదిలిన పొగలా ఉందని.

తెలుగు మాస్టారు: ‘దిగంతరేఖ’ అనమ్మా. ఇంగ్లీషులోనూ ఆ మాటకు మొదట ఉన్న అర్థం నింగీ నేలా కలిసే చోటు అనే. మేడల వరస అన్న అర్థం 1890ల్లో వచ్చి చేరింది.

ఆర్కిటెక్ట్: మాస్టారూ, దిగంతం సముద్రం మీదా కనిపిస్తుంది. అందులో మేడలేవండీ? మేం చూసేది ఒక్కో మేడ తల ఎలా ముగిసిందన్నది. న్యూయార్క్‌లో వీధుల్లోకి వెలుతురూ గాలీ రావాలని, పైకి వెళ్లేకొద్దీ మేడను లోపలికి జరపమంది 1916 నాటి చట్టం. అందుకే అప్పటివి మెట్లు మెట్లుగా సన్నబడతాయి. 1930 నాటి క్రైస్లర్ బిల్డింగ్ అయితే చివరికి సూదే. 1958లో సీగ్రమ్ బిల్డింగ్ ముందు జాగా వదిలి, నిటారుగా, చదును తలతో లేచింది. అది నిజంగా అందమైనదే. కానీ 1961లో చట్టం మారి, అలా జాగా వదిలితే అదనపు అంతస్తులు కట్టుకోనిచ్చారు. ఇక పెట్టెలే పెట్టెలు! నన్నడిగితే ‘తలకట్టు’ అనాలి.

తెలుగు మాస్టారు: భలే! మన అక్షరాల్లోనూ అంతేగా. ఒకదానికి తలకట్టు, ఒకదానికి గుడి, ఇంకోదానికి ఏత్వం. అన్నిటికీ తలకట్టే పెడితే పడవ, మడత, గడప... వీటితోనే బతకాలి.

అనువాదకురాలు: ‘లండన్ తలకట్టు’ అంటే పాగా అనుకోరూ?

ఆర్కిటెక్ట్: మొదటిసారి ‘మేడల తలకట్టు’ అనండి మేడమ్. అయినా లండన్ జనం 2004లో తెరిచిన ఓ ఆఫీసు మేడను గెర్కిన్, అంటే చిట్టి దోసకాయ, అనే పిలుస్తారు. పాగాకేం తక్కువ?

తెలుగు మాస్టారు: ‘గెర్కిన్ తలకట్టు’ అని మాత్రం రాయకమ్మా, ఊరగాయ జాడీకి కట్టిన గుడ్డ అనుకుంటారు.

అనువాదకురాలు: సరే, ‘మేడల తలకట్టు’ అనే పంపిస్తున్నాను. ఎడిటర్ గారు కొట్టేస్తే మళ్లీ మీ దగ్గరికే వస్తాను.