గొడ్ల పాకని కోళ్ల గూడు చేస్తే తప్పేంటి?

పాకోడు: మాది తణుకు దగ్గర పల్లె. పోయిన నెల నాన్న ఆఖరి గేదెని అమ్మేశారు. పెరట్లో 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు పాక ఖాళీగా పడి ఉంది. తాటాకు కప్పు, కింద గచ్చు, మూడు వైపులా నడుమెత్తు గోడ. అందులో డజను నాటు కోళ్లు వేద్దామని నేను. పాక పీకేసి ఇనప గూడు చేయిద్దామని అన్నయ్య. వెల్డింగ్ షాపులో 14 వేలు చెప్పారు. పెంచినవాళ్లు చెప్పండి.

గంపకింద: మీ అన్నయ్య మాట వినండి. మేమూ నడుం గోడ మీద కోడి వల కట్టి, తలుపుకి గడియ పెట్టి నిశ్చింతగా పడుకున్నాం. తెల్లారేసరికి తొమ్మిది పెట్టలు మెడ కొరికేసి పడి ఉన్నాయి. ఒక్కదాన్నీ తినలేదు, వరసపెట్టి చంపింది. ఎటు వచ్చిందా అని చూస్తే గేదెల ఉచ్చ బయటికి పోయే తూము దగ్గర తడి మట్టిలో ముంగిస అడుగులు. గొడ్లకి కట్టింది గొడ్లకే పనికొస్తుంది.

ఊకబస్తా: బాధే అండీ, కానీ అది పాక తప్పు కాదు, తూము తప్పు. ఇంకో మాట, కోడి వల కోడిని బయటికి పోకుండా ఆపుతుంది గానీ లోపలికొచ్చేదాన్ని ఆపదు. కుక్క పళ్లతో లాగితే ఊడొస్తుంది. అర అంగుళం కన్నాల వెల్డ్ మెష్, అంటే అతికించిన ఇనప తీగల జాలి, కట్టాలి.
అసలు డజను కోళ్లకి 240 చదరపు అడుగులు ఎందుకు? తూర్పు మూల 6 అడుగులకి 8 అడుగుల చోటు మెష్‌తో విడగొట్టండి. కోడికి నాలుగు చదరపు అడుగులు పడుతుంది, రాత్రి పడకకి ధారాళం. మిగతా పాకలో కట్టెలు పెట్టుకోండి.

గంపకింద: కట్టెల్లో ఎలకలు, ఎలకల కోసం పాము, పాముకి గుడ్లు. బాగుంది వరస!

ఊకబస్తా: హహ, ఒప్పుకున్నా. కట్టెలు బయటే పేర్చుకోండి.

సిద్దిపేట కొట్టం: నాలుగేళ్లుగా మా పాత కొట్టంలోనే పెంచుతున్నా. ఇనప గూడుకి పైన రేకే కదా. కోడికి చెమట పట్టదు, మే నెల మధ్యాహ్నం రేకు కింద నోరు తెరిచి రొప్పుతూనే ఉంటుంది. తాటాకు కప్పు చేతిలో పెట్టుకుని దాన్ని పీకడమేంటి తమ్ముడూ? కాకపోతే పిల్లలకి వెచ్చదనమని ఆకు దగ్గరగా బల్బు వేలాడదీయొద్దు, అంటుకుంటుంది.
నాకు తగిలిన దెబ్బ వేరు. కోళ్లకు పట్టే పిడుదులు పగలు గోడ పగుళ్లలో దాక్కుని రాత్రి వచ్చి రక్తం తాగుతాయి. రాత్రి టార్చి వేసి చూసేదాకా తెలియలేదు. ముందే పగుళ్లు పూడ్చి, గోడకి సున్నం కొట్టండి. గచ్చు మీద మూడు అంగుళాల ఊక పోసి వారానికి రెండుసార్లు తిరగేయండి. తడి ఉందో లేదో నిలబడి చూస్తే తెలియదు. కోడి ఎత్తుకి వంగి గాలి పీల్చండి, కళ్లు మండితే ఊక మార్చాల్సిందే.

పాకోడు: రాత్రి కోళ్లు ఎక్కి కూర్చోడానికి వెదురు బొంగు ఎంత ఎత్తులో కట్టాలన్నా?

సిద్దిపేట కొట్టం: రెండు మూడడుగులు చాలు. నాటు కోళ్లు వదిలేస్తే వాసాల మీదికే ఎగిరి కూర్చుంటాయి, రెట్ట నీళ్ల గిన్నెలో పడుతుంది. అందుకే పైన కూడా మెష్ వేయి. వనరాజా లాంటి బరువు రకమైతే బొంగు ఇంకా కిందికి. గూడు ఏదైనా కొక్కెర తెగులు టీకా మరవకు: పిల్ల పుట్టిన మొదటి వారంలో కంట్లో లసోటా చుక్క, ఎనిమిదో వారం ఆర్‌టూబీ సూది.

గంపకింద: సరే, పాకే అనుకుందాం. రోజూ సాయంత్రం లెక్కపెట్టి మూసేది ఎవరు? మా ఇంట్లో ఆ పని అమ్మ మీద పడింది.

పాకోడు: అన్నయ్య మెత్తబడ్డాడు, రేకు మాటకి. మెష్ ఖర్చు సగం తనే ఇస్తానన్నాడు. గేదెలకి మేత వేసే గాడి అలాగే ఉంచాం, గడ్డి పరిచి గుడ్లు పెట్టడానికి. సాయంత్రం మూసే పని నాదేనని అమ్మకి మాటిచ్చా. ఇక తూము ఒక్కటే మిగిలింది. ఇటుక పెట్టి మూసేయమంటారా?

గంపకింద: ఇటుక పెడితే కడిగిన నీళ్లు ఎటు పోతాయి? మెష్ ముక్క బిగించండి.