అప్‌డేట్: మా కళాశాల వెబ్‌సైట్ ప్రమాణాలు ఒక కొలిక్కి వచ్చాయి

ప్రతి విభాగమూ తనకు తోచిన పద్ధతిలో పేజీలు పెడుతున్న మా కళాశాల వెబ్‌సైట్‌కు ఉమ్మడి ప్రమాణాలు ఎలా రూపొందించాలని లోగడ అడిగాను. రంగుల కంటే ముందు ఏ పేజీకి ఎవరు బాధ్యులో తేల్చుకోమన్న సలహా అన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడింది. ఇప్పుడు ప్రతి పేజీ అడుగున బాధ్యత వహించే విభాగం పేరు, చివరిసారి సరిచూసిన తేదీ ఉంటున్నాయి.

డిజైన్‌కు, వైకల్యం ఉన్నవారు కూడా వెబ్‌సైట్లను వాడగలిగేలా చూసే డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాలలో 2023లో వెలువడిన 2.2 కూర్పును, అందులోని మూడు స్థాయిల్లో మధ్యదైన ఏఏ స్థాయిని ప్రాతిపదికగా తీసుకున్నాం. మామూలు అక్షరాలకూ నేపథ్యానికీ మధ్య కాంట్రాస్ట్ (వెలుగులో తేడా నిష్పత్తి) కనీసం 4.5:1 ఉండాలన్న నియమం వల్ల, లేత బూడిద రంగులో ఉండిన ఫీజు గడువు తేదీలు ముదురు రంగులోకి మారి, ఎండలో ఫోన్ చూసే విద్యార్థికి సైతం స్పష్టంగా కనబడుతున్నాయి.

ఎక్కువ చర్చ జరిగింది నోటీసుల మీద. సంతకం చేసిన కాగితాన్ని స్కాన్ చేసి బొమ్మగా పెడితే, చూపులేని విద్యార్థులు వాడే, తెర మీది పాఠాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్లు దాన్ని సరిగా చదవలేవు. వెతికినా దొరకడం కష్టం. అందుకే నోటీసు పాఠాన్ని పేజీలోనే టైపు చేసి, స్కాన్ ప్రతిని దాని కింద జతచేయాలని నిర్ణయించాం. ఇది అదనపు పని అన్నవారి మాట నిజమే, కానీ పరీక్ష తేదీ మారిన సంగతి ఒక్క విద్యార్థికి తెలియకపోయినా జరిగే నష్టం అంతకంటే పెద్దది.

హోంపేజీలో కదిలే ప్రకటనల పట్టీని తొలగించడానికి ఇంకా అందరూ అంగీకరించలేదు. ప్రస్తుతానికి దాన్ని ఆపే బటన్ పెట్టించాం.