విరేచనంలో రక్తం పడితే మొలలేనా? కొలనోస్కోపీ చేయించాల్సిందేనా?

తణుకు రైతుబిడ్డ
మా బాబాయికి 52 ఏళ్లు. చాలా నెలలుగా విరేచనంలో రక్తం పడుతోంది. బజారులో మొలల క్లినిక్కుకి వెళ్తే ఇంజెక్షన్ చేశారు, కొన్నాళ్లు తగ్గి మళ్లీ మొదలైంది. ఇప్పుడు రాజమండ్రిలో ఒక డాక్టరుగారు కొలనోస్కోపీ, అంటే కిందినుంచి కెమెరా గొట్టం పంపి పెద్దపేగు లోపల చూసే పరీక్ష, రాశారు. మొలలకి కెమెరా దేనికి, డబ్బులు గుంజడానికి కాకపోతే అంటోంది పిన్ని. చేయించాల్సిందే అంటున్నాను నేను. మీరేమంటారు?

హనుమకొండ శ్రీను
తమ్మీ, మీ పిన్ని మాటల నిజం ఉంది. కడుపు నొస్తాందని పోతే చాలు, పైనుంచి ఒక కెమెరా, కిందినుంచి ఒక కెమెరా పెడతం అంటున్నరు. మా దగ్గర 30 ఏండ్లు కూడా నిండని పిలగానికి, నీళ్లు సరిగ్గ తాగక మలబద్ధకం వస్తే, అది కూడా రాసిన్రు. పెద్దపేగు క్యాన్సర్ అమెరికాల ఉన్నంత మన దగ్గర లేదు. ఇంకోటి, పోలండ్, నార్వే, స్వీడన్‌ల చేసిన పెద్ద అధ్యయనం 2022ల వచ్చింది. కొలనోస్కోపీకి పిలిచినోళ్లల్ల 10 ఏండ్లకు క్యాన్సర్ 18 శాతమే తగ్గింది, చావులల్ల చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అక్కడనే గట్లుంటే మనకెందుకు?

కాకినాడ స్టాఫ్ నర్స్
శ్రీను గారూ, ఆ అధ్యయనం నేనూ చదివాను. ఒంట్లో ఏ బాధా లేనివాళ్లకి పిలుపు పంపి చేసింది అది. పిలిచినవాళ్లలో వచ్చి చేయించుకున్నది 42 శాతమే. వాళ్ల బాబాయిగారికి నెలల తరబడి రక్తం పడుతోంది. ఆయనది ముందుజాగ్రత్త పరీక్ష కాదు, జబ్బేమిటో తేల్చే పరీక్ష. ఈ రెండూ కలిపేస్తే చాలా ప్రమాదం.

మొలలైతే మామూలుగా నొప్పి ఉండదు, విరేచనం అయ్యాక ఎర్రటి రక్తం బొట్లు బొట్లుగా పడుతుంది. ఫిషర్, అంటే మలద్వారం దగ్గర చీలిక, అయితే బ్లేడుతో కోసినట్టు నొప్పి. రక్తం మలంలో కలిసిపోయి, జిగురుతో, ముదురు రంగులో వస్తుంటే, వెళ్లొచ్చాక కూడా ఇంకా ఉన్నట్టే అనిపిస్తుంటే, అలవాటు మారి ఓ వారం బంధించి ఓ వారం నీళ్లలా అవుతుంటే, బరువు తగ్గుతుంటే ఆగకూడదు. అసలు చిక్కేమిటంటే మొలలు ఉన్న మనిషికే లోపల పేగులో క్యాన్సర్ గడ్డ కూడా ఉండొచ్చు. మొలలు కనపడ్డాయి కదా అని వెతకడం ఆపేస్తారు, అక్కడే కాలం గడిచిపోతుంది.

ఒక్క ప్రశ్న అడుగుతాను రైతుబిడ్డ గారూ. ఇంజెక్షన్ చేసిన చోట ఎవరైనా వేలితో చూశారా? ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టి, మోకాళ్లు ముడిపించి, గ్లవ్ వేసుకుని జెల్లీ రాసి చూస్తారు. నిమిషం కూడా పట్టదు. మలద్వారానికి దగ్గరగా ఉన్న గడ్డ వేలికే తగులుతుంది.

తణుకు రైతుబిడ్డ
లేదండీ. ఎవరూ చూడలేదట. రాజమండ్రి డాక్టరుగారే మొదటిసారి చూశారు. అప్పుడే ఇది రాశారు.

నంద్యాల మెడికల్ షాపు
మా కౌంటర్ దగ్గర రోజూ కనిపించేది చెబుతాను. మొలల మాత్రలు, పూత మందు నెలల తరబడి చీటీ లేకుండానే తీసుకెళ్తారు. ఇంకొంతమంది నీరసమని ఐరన్ టానిక్ సీసా మీద సీసా కొంటారు. పెద్దపేగు కుడిపక్కన గడ్డ ఉంటే రక్తం కంటికి కనపడకపోవచ్చు, హిమోగ్లోబిన్ మాత్రం పడిపోతూ ఉంటుంది. మగవాళ్లలో, నెలసరి ఆగిన ఆడవాళ్లలో ఐరన్ తగ్గిందంటే కారణం వెతకాలి. ఇంకో మాట, ఐరన్ మాత్రలతో మలం నల్లగా వస్తుంది, దాన్ని చూసి హడలిపోనక్కర్లేదు. ఐరన్ వాడకుండానే తారులా నల్లగా, జిగటగా వస్తే మాత్రం ఆసుపత్రికి పరుగెత్తాలి.

న్యూజెర్సీ పద్మ
ఇక్కడ అమెరికాలో 2021లో సిఫార్సు మార్చారు, ఏ బాధా లేనివాళ్లకి కూడా పెద్దపేగు క్యాన్సర్ పరీక్షలు 50 కాకుండా 45 ఏళ్లకే మొదలుపెట్టమంటున్నారు. నటుడు చాడ్విక్ బోస్‌మన్ ఈ జబ్బుతో 2020లో 43 ఏళ్లకే పోయారు. మన దగ్గర కూడా అందరికీ పెట్టాలి కదా?

కాకినాడ స్టాఫ్ నర్స్
అందరికీ కొలనోస్కోపీ అంటే నేనూ ఒప్పుకోను పద్మగారూ. చేసే డాక్టర్లేరి? 30 దాటినవాళ్లకి ప్రభుత్వం చేసే క్యాన్సర్ పరీక్షల్లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారమే ఉన్నాయి, వాటికే జనం రావడం లేదు. బాధలేమీ లేనివాళ్లకి మలంలో కంటికి కనపడని రక్తాన్ని పట్టే ఫిట్ పరీక్ష ఉంది, అది చాలు. అందులో తేడా వస్తేనే కెమెరా. అమ్మానాన్నలకో తోబుట్టువులకో ఈ క్యాన్సర్ ఉన్నవాళ్లు మాత్రం డాక్టరుతో ముందే మాట్లాడుకోవాలి. హెల్త్ ప్యాకేజీల్లో కలిపే సీఈఏ రక్తపరీక్ష ఇందుకు పనికిరాదు. అది నార్మల్ అని వచ్చినా గడ్డ ఉండొచ్చు.

విజయవాడ మేనకోడలు
మీ పిన్నిగారి కోపం వెనక భయం ఉందేమో అడిగి చూడండి. మా అత్తయ్య పరీక్ష వాయిదా వేసింది డబ్బుకి కాదు, ఆపరేషన్ చేసి మలం పోవడానికి పొట్ట మీద సంచి పెడతారని ఎవరో చెప్పబట్టి. సంచి అందరికీ రాదు, పెట్టినవాళ్లలో చాలామందికి కొన్ని నెలలకి తీసేస్తారు. మలద్వారం కండరాన్నే గడ్డ పట్టేస్తే శాశ్వతంగా ఉంచాల్సి రావచ్చు. అంటే ఆలస్యమైనకొద్దీ ఆ భయమే నిజమయ్యే అవకాశం పెరుగుతుంది. తొలిదశలో దొరికితే ఒక్క ఆపరేషన్‌తో సరిపోవచ్చు. కింది భాగంలో ముదిరిన గడ్డయితే ముందు రేడియేషన్, కీమో ఇచ్చి కుదించి, తర్వాత కోస్తారు.

హనుమకొండ శ్రీను
బాబాయికి చేయించుర్రి, అది ఒప్పుకుంటున్న. 52 ఏండ్లు, నెలల నుంచి రక్తం, ఇంక అనుమానమేముంది. కానీ పాతికేండ్ల పిలగానికి ఒక్కసారి బొట్టు పడంగనే కెమెరా అంటే మాత్రం కొట్లాడుత.

కాకినాడ స్టాఫ్ నర్స్
కొట్లాడండి, నేనూ మీతో ఉంటాను. కుర్రవాళ్లకి ముందు వేలితో చూసి, పీచు తిండి, నీళ్లు, మందు ఇచ్చి చూడాలి. తగ్గకపోతే వయసు చూసి వదిలేయకూడదు, మన దేశంలో చిన్నవయసులోనూ ఈ జబ్బు వస్తోంది.

రైతుబిడ్డ గారూ, ముందురోజు మందు పొడి కలిపిన నీళ్లు లీటర్ల లెక్కన తాగిస్తారు. ఉప్పగా, వెగటుగా ఉంటుంది. చల్లగా చేసి, పావుగంటకో గ్లాసు చొప్పున తాగించండి. చివరికి మలం కాకుండా పసుపుపచ్చని తేట నీళ్లు మాత్రమే వెళ్లాలి. పేగు శుభ్రం కాకపోతే లోపలి గోడ మీద బొడిపెల్లా మొలిచే చిన్న పాలిప్‌లు కనపడవు, పరీక్ష మళ్లీ చేయాల్సి వస్తుంది. పాలిప్ కనపడితే చాలావరకు అప్పుడే తీసేస్తారు, అది క్యాన్సర్‌గా మారకముందే. షుగర్ మాత్రలు, రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే డాక్టరుకి ముందే చెప్పండి. మత్తు ఇస్తారు కాబట్టి తోడుగా మీరు వెళ్లండి, ఆ రోజు ఆయన్ని బండి నడపనివ్వకండి.

తణుకు రైతుబిడ్డ
సోమవారానికి రాయించాను. పిన్ని కూడా వస్తానంది.