మండపం తాళం ఎవరు ఇచ్చారు?

వంశధార ఒడ్డు: ఒడిశాలోని గుణుపురంలో మా వీధి రామమందిరం కల్యాణ మండపంలో 2025 జులైలో పదకొండు మంది బెంగాలీ తాపీ పనివారు మూడు రాత్రులు తలదాచుకున్నారు. మన రాష్ట్రంలోనే జార్సుగూడలో బంగ్లాదేశీయులన్న అనుమానంతో 444 మందిని నిర్బంధించారన్న వార్త వచ్చిన రోజులవి. ఇంటి యజమాని భయపడి గది ఖాళీ చేయించాడు. ఆ పనివారిది పశ్చిమ బెంగాల్‌లోని ముర్షిదాబాద్. మా అర్చకులు, వీధి ఆడవాళ్లు అన్నం వండిపెట్టారు. కమిటీ ఎన్నికలు దగ్గర పడ్డాయి, అది తప్పని ఇప్పుడు కొందరంటున్నారు. మీరేమంటారు?

పాతవీధి: అన్నం పెట్టడం తప్పని ఎవరూ అనలేదు. తాళం ఎవరిచ్చారు? కమిటీ తీర్మానం ఉందా? పోయిన మాఘంలో మా అమ్మాయి నిశ్చితార్థానికి అదే మండపం అడిగితే, అద్దె మొత్తం ముందే కడితే తప్ప తలుపు తీసేది లేదన్నారు. నలభై ఏళ్లుగా చందా ఇస్తున్న ఇల్లు మాది. ఊరూ పేరూ తెలియనివారికి ఆ నియమం లేదా?

కొండగాలి: నమాజు కూడా అక్కడే చేసుకున్నారట, నిజమేనా?

వంశధార ఒడ్డు: పెరట్లో చేసుకున్నారు. చాప ఇచ్చింది అర్చకులే. పాతవీధి గారూ, వారు ఊరూ పేరూ తెలియనివారు కారు. మీ వీధి చివర మూడంతస్తుల ఇంటికి స్లాబు వేసింది వారే. ఆధార్, ఓటరు కార్డులు జిరాక్సు తీయించి నేనే ఠాణాలో ఇచ్చి వచ్చాను. ఎవరినీ దాచలేదు. జార్సుగూడలో కూడా పత్రాలు సరిచూశాక ఎక్కువ మందిని వదిలేశారు.

పాతవీధి: ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదు. తాళం సంగతికి ఇంకా జవాబు రాలేదు.

గంజాం వకీలు: ఆధార్ మాట నిజమే. అయితే రాజ్యాంగం 21వ అధికరణ ‘పౌరుడు’ అనలేదు, ‘వ్యక్తి’ అంది. అరెస్టు చేసిన మనిషిని 24 గంటల్లో మెజిస్ట్రేటు ముందు నిలబెట్టాలని 22వ అధికరణ. మరోవైపు, అప్పుడు అమల్లో ఉన్న 1946 విదేశీయుల చట్టం ప్రకారం తాను విదేశీయుణ్ణి కానని నిరూపించుకోవలసిన భారం ఆ మనిషిదే. కాగితాలు సొంత ఊరి పెట్టెలో ఉన్న కూలీ ఎందుకు వణికాడో దీన్నిబట్టి అర్థం చేసుకోండి.

పాతవీధి: తీర్మానం ఉందా, లేదా?

వంశధార ఒడ్డు: లేదు. రాత్రి తొమ్మిదింటికి వానలో నిలబడ్డవారికి తీర్మానం ఎక్కడ తెస్తాం? మన జిల్లా నుంచి ఇటుక బట్టీలకు వలసపోయేవారిని దాదన్ కూలీలంటాం. వారికోసం ఒడిశా 1975లో చట్టం చేసింది, తర్వాత 1979లో దేశమంతటికీ చట్టం వచ్చింది. మనవారిని అవతలి ఊరు ఇలాగే గెంటేస్తే మీరు తాళం గురించే అడుగుతారా?

పాతవీధి: నాకు కూలీల చరిత్ర చెప్పకండి! మా తాత ఎక్కడికీ కదలలేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు సరిహద్దే ఆయన్ను దాటి వెళ్లింది. ఆనాటి నుంచి సొంత ఊళ్లోనే మేం ‘తెలుగువాళ్లం’. నేను చదివిన బడిలో తెలుగు తరగతి ఎత్తేసినప్పుడు మా నాన్న అర్జీ పట్టుకుని తిరిగారు. వెంట ఒక్కరూ రాలేదు. తలవంచుకుని బతికాం కనుక ఇక్కడ మిగిలాం. మీరు ఠాణావారి చూపు మందిరం మీద పడేలా చేశారు. రేపు ‘మీదే ఊరు’ అని నన్నే అడిగితే ఏ కాగితం చూపాలి?

రెండో వీధి కోడలు: ఆ మూడు రోజులూ నేను వండాను. మా అత్తగారికి కూడా ఇదే భయం. అయినా బియ్యం కడిగింది ఆవిడే.

వంశధార ఒడ్డు: బాబాయి గారూ, అసలు మాట ఇప్పటికి చెప్పారు. నేను పుట్టింది కూడా ఆ భయం ఉన్న ఇంట్లోనే. అందుకే వారి ముఖాలు చూసి ఉండలేకపోయాను. తాళం ఇచ్చింది నేనే. అర్చకుల మీద నెట్టవద్దు.

పాతవీధి: నువ్వేనా! ఆదివారం కమిటీ ముందు ఇదే చెప్పు. నా ఓటు వ్యతిరేకంగానే పడుతుంది. తలుపు తీసే ముందు మా ఇంటి తలుపు ఎందుకు తట్టలేదు?

వంశధార ఒడ్డు: తట్టాల్సింది. వద్దంటారని భయపడ్డాను.

పాతవీధి: వద్దనేవాణ్ణే. అయినా అడగాలి.

మేస్త్రీ కొడుకు: ఆ పదకొండు మందిలో నలుగురు మళ్లీ పనికి వచ్చారు. ఎవరూ గది ఇవ్వడం లేదు. అద్దెకు ఇచ్చేవారు తెలిస్తే ఇక్కడ రాయండి.